పశువిజ్ఞాన బోధన: పట్టికలూ, పశువులూ

మన దేశంలో పశువిజ్ఞానాన్ని విశ్వవిద్యాలయంలో చదువదలచిన విద్యార్థి సాధారణంగా బి.వి.యస్‌సి. అండ్ ఎ.హెచ్. అనే పట్టానికి చేరుతాడు. ఆ పేరులో రెండు చదువులు ఉన్నవి. మొదటిది పశువైద్యం, రెండవది పశుపోషణ. రెండింటినీ ఒక చిన్న "అండ్" కలుపుతున్నది. భారత పశువైద్య మండలి 2016లో ప్రకటించిన కనీస ప్రమాణాల నిబంధనలు ఈ చదువును ఐదున్నర సంవత్సరాలుగా నిర్ణయించినవి. అందులో చివరి సంవత్సరం అభ్యాసానికి, అనగా చదివినదాన్ని ఆసుపత్రిలోనూ పశుక్షేత్రంలోనూ చేసి చూచుకొనడానికి కేటాయించినది. ఈ వ్యాసంలో నేను పరిశీలించదలచినది ఆ "అండ్" తరువాతి భాగాన్ని మాత్రమే. పశువుల మేత, సంతానోత్పత్తి, నిర్వహణ అనే మూడు విషయాలను మనం ఎట్లా బోధిస్తున్నామన్నదే ప్రశ్న. నేను పశువైద్యుణ్ణి కాను. జంతుశాస్త్రం బోధించేవాణ్ణి. కాని మా తరగతుల నుంచి ఏటేటా ఆ చదువుకు వెళ్ళే పిల్లల పుస్తకాలు నా చేతికి వస్తూనే ఉంటవి గనుక, బయటివాడి చూపుకు కొంత ప్రయోజనం ఉండవచ్చునని తోచి వ్రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. పాఠ్యప్రణాళికలో విషయానికి లోటు లేదు. లోటు వరుసలో ఉన్నది. పశువును చూపకముందే పట్టికను చూపుతున్నారు, చాలాచోట్ల పట్టికతోనే పాఠం ముగుస్తున్నది.

ఇందుకు చరిత్రలో కొంత కారణం కనబడుతుంది. పశువైద్య విద్య పుట్టినది రోగభయం వల్ల. 1761లో ఫ్రాన్సులోని లియోన్ నగరంలో తొలి పశువైద్య పాఠశాలకు అనుమతి లభించినప్పుడు, ఐరోపాలో ముసర రోగం మందలకు మందలను తుడిచిపెడుతున్నది. మన మద్రాసు పశువైద్య కళాశాల 1903లో మొదలైనది. రెండున్నర శతాబ్దాల ఈ పోరాటం వృథా పోలేదు. 2011లో ముసర రోగం ప్రపంచంలో ఎక్కడా లేదని ప్రకటించారు. మశూచి తరువాత మానవుడు భూమి మీద లేకుండా చేసిన రెండవ వ్యాధి అదే. ఇంతటి విజయం వెనుక ఉన్న వైద్యశాఖకు గౌరవం రావడం సహజమే.

పశుపోషణ విద్య వచ్చిన ద్వారం వేరు. అది వ్యవసాయంతో కలిసి వచ్చింది. అమెరికాలో 1862 నాటి చట్టం ప్రకారం ప్రభుత్వ భూముల ఆదాయంతో వెలసిన కళాశాలల్లో పంటా, పశువూ ఒకే ఆవరణలో ఉండేవి. ఆ నమూనాతోనే 1960లో పంత్‌నగర్‌లోనూ, 1964లో మన ఆంధ్రప్రదేశ్‌లోనూ వ్యవసాయ విశ్వవిద్యాలయాలు ఏర్పడినవి. తరువాత 2005లో తిరుపతి కేంద్రంగా శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం విడిగా వచ్చింది. 2014 తరువాత తెలంగాణలో పి.వి. నరసింహారావు పేరిట మరొకటి వచ్చింది. ప్రత్యేక విశ్వవిద్యాలయం వల్ల శాఖకు నిధులూ, గుర్తింపూ దక్కినవన్న మాట కాదనను. కాని ఒక చిక్కు కూడ వచ్చిపడింది. గింజ ఒక విశ్వవిద్యాలయానికీ, గేదె మరొక విశ్వవిద్యాలయానికీ పోగా, మధ్యనున్న వరిగడ్డి ఎవరిదీ కాకుండా పోయింది. పొట్టి వరి వంగడాలు వచ్చినప్పుడు ఎకరానికి ఎన్ని బస్తాలు పండినవో లెక్క వేశారు. గడ్డివామి ఎంత తగ్గింది, ఆ గడ్డి పశువుకు ఎంత రుచించింది అన్న ప్రశ్న పరీక్షా పత్రంలో ఎక్కడ అడగాలో నేటికీ తేలలేదు.

ఇక మేత సంగతికి వద్దాం. విమర్శకు ఎక్కువ చోటు ఇక్కడే ఉన్నది.

పశువు తినే పదార్థాన్ని రసాయనశాలలో పరీక్షించే పద్ధతి 1860 ప్రాంతాల్లో జర్మనీలోని వెండే అనే చోట రూపొందింది. తేమ, బూడిద, కొవ్వు, పీచు, మాంసకృత్తులు అని మేతను భాగాలుగా విడగొట్టడం దీని సారాంశం. మాంసకృత్తులను నేరుగా కొలవరు. మేతలోని నత్రజనిని కొలిచి, దానిని 6.25తో గుణిస్తారు. మాంసకృత్తుల్లో సుమారు నూటికి 16 వంతులు నత్రజని ఉంటుంది గనుక ఈ గుణకం వచ్చింది. తేలికైన ఉపాయమే. అయితే ఇదే లెక్కను యూరియాకు వర్తింపజేసి చూడండి. యూరియాలో నత్రజని నూటికి 46 పాళ్ళు. దానిని 6.25తో గుణిస్తే 287 వస్తుంది. అనగా నూరు కిలోల యూరియాలో 287 కిలోల మాంసకృత్తులు ఉన్నట్లు! పై తరగతి విద్యార్థుల చేత ఈ లెక్క చేయించి, నవ్వు ఆగిన తరువాత, పట్టికలో "మాంసకృత్తులు" అని వ్రాసిన ప్రతి అంకె వెనుకా ఇదే గుణకం ఉన్నదని ఉపాధ్యాయులు గుర్తుచేస్తే బాగుంటుంది. ఆ పదానికి ముందు "ముడి" అన్న విశేషణం ఎందుకు చేర్చారో అప్పుడు వారికి తెలుస్తుంది.

మరి ఆవుకు యూరియా ఎందుకు పనికివస్తున్నది? దాని మొదటి పొట్టగదిలో, అనగా నెమరుసంచిలో ఉన్న సూక్ష్మజీవులు ఆ నత్రజనితో తమ శరీరాలను కట్టుకుంటవి. ఆ సూక్ష్మజీవులను ఆవు జీర్ణించుకుంటుంది. ఎదిగిన ఆవు నెమరుసంచి నూరు లీటర్లకు పైగా పట్టే పులియబెట్టే తొట్టి వంటిది. అందులో ప్రాణవాయువు లేదు గనుక అక్కడి జీవులను బయట పెంచడం చాలాకాలం సాధ్యం కాలేదు. రాబర్ట్ హంగేట్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు గాలి సోకకుండా వాటిని గాజుగొట్టాల్లో పెంచే విధానం కనిపెట్టాడు. 1966లో వచ్చిన అతని గ్రంథం ఈ శాఖకు పునాది. మన ఉన్నత పాఠశాలల్లో ఇప్పటికీ "ఆవుకు నాలుగు పొట్టలు" అని చెప్పేవారున్నారు. పొట్ట ఒక్కటే, గదులు నాలుగు. ఈ చిన్న సవరణ పాఠశాలలోనే జరిగితే విశ్వవిద్యాలయానికి ఒక పని తగ్గుతుంది.

రసాయన పట్టికకు ఉన్న హద్దును చూపిన ప్రయోగం ఒకటున్నది. నా దృష్టిలో పశువిజ్ఞాన విద్యార్థి మొట్టమొదట చదువవలసినది అదే. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ బాబ్‌కాక్ అనే వృద్ధ రసాయనికుడుండేవాడు. పాలలో వెన్నను కొలిచే తేలిక పద్ధతిని 1890లో కనిపెట్టి, దానిపై హక్కు తీసుకొనక లోకానికి వదలిపెట్టినవాడు ఆయనే. రసాయన విశ్లేషణలో సమానమైన మేతలన్నీ పశువుకూ సమానమేనా అని ఆయనకు చాలాకాలంగా సందేహం. 1907లో ఆయన సహచరులు హార్ట్, హంఫ్రీ, స్టీన్‌బాక్, మెకాలం ఆ సందేహాన్ని పరీక్షకు పెట్టారు. పదహారు పెయ్యలను తీసుకొని నాలుగేసి చొప్పున నాలుగు జట్లు చేశారు. ఒక జట్టుకు మొక్కజొన్న మొక్క నుంచి వచ్చినవే మేత, ఇంకొక జట్టుకు గోధుమ మొక్కవే, మూడవదానికి ఓట్లు, నాలుగవదానికి మూడూ కలిపినది. మాంసకృత్తులూ శక్తీ పట్టిక ప్రకారం నాలుగింటిలోనూ ఇంచుమించు సమానంగా ఉండేట్లు జాగ్రత్తపడ్డారు.

పట్టిక నిజమైతే నాలుగు జట్లూ ఒకే తీరున ఉండవలె. మొదట్లో పెద్ద తేడా కనబడలేదు కూడ. కాని పెయ్యలు ఎదిగి చూడి కట్టి ఈనే నాటికి కథ మారింది. మొక్కజొన్న తిన్నవాటికి బలమైన దూడలు పుట్టినవి. గోధుమ తిన్నవాటి దూడలు నెలలు నిండక పుట్టి, చచ్చో, చావుకు సిద్ధంగానో ఉన్నవి. తల్లుల్లో కొన్నింటికి చూపు పోయింది. తక్కిన రెండు జట్లూ మధ్యస్థంగా ఉన్నవి. 1911లో ఫలితాలు ప్రకటించేనాటికి కారణం ఏమిటో వారికి తెలియదు. తెలియదనే వ్రాశారు. ఆ జట్టులోని మెకాలం ఎలుకలపై ప్రయోగాలు సాగించి, 1913లో కొవ్వులో కరిగే ఒక పోషకాన్ని గుర్తించాడు. దానినే నేడు ఎ విటమిన్ అంటున్నాము. పచ్చ మొక్కజొన్నలో దానికి మూలమైన రంగుపదార్థం ఉన్నది. గోధుమగింజలోనూ, ఎండుగడ్డిలోనూ లేదనదగినంత తక్కువ. ఖటికం, అంటే కాల్షియం కొరత కూడ కొంత పాత్ర వహించిందని తరువాత తేలింది.

ఈ ప్రయోగాన్ని మన పుస్తకాలు చెప్పకపోలేదు. విటమిన్ల చరిత్ర అనే శీర్షిక కింద రెండు వాక్యాల్లో చెబుతవి. నా అభ్యంతరం దానిమీదే. అది విటమిన్ల చరిత్రకు సంబంధించినది మాత్రమే కాదు. పట్టికను పశువు ఎదుట నిలబెట్టి, తీర్పు పశువునే చెప్పమన్న ప్రయోగం అది. దానిని రెండు వాక్యాలకు కుదించి, వెంటనే తరువాతి పుటలో "400 కిలోల బరువుండి రోజుకు 8 లీటర్ల పాలిచ్చే ఆవుకు దాణా నిర్ణయించుము" అనే లెక్క ఇస్తున్నాము. విద్యార్థి బరువులో నూటికి రెండున్నర వంతులు పొడిపదార్థం అని మొదలుపెట్టి, పది కిలోలు తేల్చి, దానిని గడ్డికీ దాణాకూ పంచి, మార్కులు తెచ్చుకుంటాడు. ఆ ఆవు ఎక్కడిది, ఏ నెల, ఇంట్లో ఏ గడ్డి ఉన్నది, తవుడు ధర ఎంత అన్నవి లెక్కలో లేవు. భారత వ్యవసాయ పరిశోధనా మండలి అమెరికా ప్రమాణాలను గుడ్డిగా అనుసరించక మన పశువులకు వేరే ప్రమాణాలు 1985లోనూ, 1998లోనూ, 2013లోనూ వెలువరించింది. మెచ్చుకోదగిన పని. అయినా పట్టిక మారినంత మాత్రాన పాఠం మారదు.

వరిగడ్డినే చూడండి. కృష్ణా, గోదావరి డెల్టాల్లో పశువుకు అదే ప్రధానమైన మేత. అందులో నత్రజని బహు తక్కువ, ఇసుకరాయిలోని సిలికా ఎక్కువ. పైగా ఆక్సలేటులు ఉండి ఖటికాన్ని పట్టి ఉంచుతవి. దీనికి ఒక చికిత్స కలదు. నూరు కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియాను యాభై అరవై లీటర్ల నీటిలో కరిగించి, పొరలుపొరలుగా చల్లి, గాలి చొరకుండా కప్పి మూడు వారాలుంచితే అమ్మోనియా పుట్టి గడ్డిని మెత్తబరుస్తుంది. సూక్ష్మజీవులకు నత్రజనీ దొరుకుతుంది. ప్రతి విద్యార్థీ ఈ పద్ధతిని అప్పజెప్పగలడు. మన పల్లెల్లో దీనిని చేసే ఇళ్ళు మాత్రం అరుదు. ఎందుచేత? కోతలనాడు మనిషి దొరకడు, నీరు మోయాలి, కప్పడానికి పట్టా కొనాలి, ఇంతా చేసి పాలు పెరిగేది ఎంతో ముందుగా చెప్పేవారు లేరు. ఈ "ఎందుచేత" అన్నదే అసలు పశునిర్వహణ శాస్త్రం. మన పుస్తకాలు దానిని "రైతుల అవగాహనా లోపం" అనే ఒక్క మాటతో దాటవేస్తున్నవి. అంతకంటే సోమరి వాక్యం శాస్త్రగ్రంథంలో నేను చూడలేదు.

సంతానోత్పత్తి శాఖలో పరిస్థితి కొంత మెరుగు. ఎందుచేతనంటే అక్కడ గణితం తప్పదు. అమెరికాలోని అయోవా కళాశాలలో జే లష్ 1937లో ప్రకటించిన పశుజనన గ్రంథం ఈ శాఖ రూపాన్నే మార్చింది. అంతకుముందు కొమ్ములూ, రంగూ, నడకా చూచి ఆబోతును ఎన్నుకునేవారు. ఆబోతు పాలివ్వదు గదా! దాని విలువ కూతుళ్ళ పాలలోనే తెలియాలి. ఎందరు కూతుళ్ళు కావాలి? పాల దిగుబడిలోని తేడాల్లో సుమారు నాలుగోవంతు వంశపారంపర్యమని అనుకుంటే, ఐదుగురు కూతుళ్ళ పాలను చూచి చెప్పిన అంచనా ఖచ్చితత్వం 0.5 మాత్రమే. పదిహేనుగురైతే 0.71కి పెరుగుతుంది. నలభై ఐదుగురికి 0.87. అంటే కూతుళ్ళను తొమ్మిదింతలు చేసినా ఖచ్చితత్వం రెండింతలైనా కాదు. పైగా ఆబోతు ఎదిగి, కూతుళ్ళు పుట్టి, అవి ఈని, ఒక పాడికాలం ముగిసేసరికి ఏడెనిమిదేళ్ళు పడుతుంది. ఈ అంకెలను విద్యార్థులకు చెబుతున్నారు. అయితే రెండు మూడు పశువులున్న ఇళ్ళ ఊరిలో నలభై ఐదుగురు కూతుళ్ళ పాలను ఎవరు కొలుస్తారు, ఏ పుస్తకంలో వ్రాస్తారు అన్న ప్రశ్న వచ్చేసరికి పాఠం ముగుస్తుంది. విశ్వవిద్యాలయపు మందలో లెక్కించడం నేర్చిన పిల్లవాడు ఊరి మందలో లెక్కించడం నేర్వడు.

దీని ఫలితానికి మన ఒంగోలు జాతే సాక్షి. గుండ్లకమ్మ పరిసరాల్లో రైతులు తరతరాలుగా ఎన్నుకొని పెంచిన ఈ జాతి పశువులు పందొమ్మిదవ శతాబ్దం నుంచి బ్రెజిల్ చేరినవి. 1960 దశకం మొదట్లో చివరి పెద్ద దిగుమతులు జరిగినవి. అక్కడ నెల్లూరు పేరుతో "నెలోరె" అయి, ఆ దేశపు మాంసపు మందల్లో అగ్రస్థానం సంపాదించింది. ఒంగోలు దగ్గరి కరవది పేరు మోసిన ఒక ఆబోతు అక్కడి వంశావళుల్లో నేటికీ ప్రసిద్ధం. దీనిని గురించి మనవారు సాధారణంగా రెండు విధాలుగా మాట్లాడుతారు. ఒకరు గర్విస్తారు, ఒకరు దోపిడి అంటారు. నాకు రెండూ సరిగా తోచవు. వారు మన పశువుతో పాటు తీసుకుపోనిది ఒకటున్నది. ప్రతి దూడ బరువునూ, ప్రతి ఆబోతు సంతానాన్నీ వ్రాసిపెట్టే పుస్తకం. అది వారు అక్కడ తయారుచేసుకున్నారు. గుంటూరు దగ్గర లాం పశుపరిశోధనా స్థానంలో ఒంగోలు జాతిని కాపాడుతూ వివరాలు నమోదు చేస్తున్నారు. కాని మన పాఠ్యపుస్తకంలో ఒంగోలు అంటే తెల్లని వన్నె, పొట్టి కొమ్ములు, పెద్ద మూపురం, వేలాడే గంగడోలు, అంతే. పరీక్షలో ఈ లక్షణాలు వ్రాసినవానికి పూర్తి మార్కులు. లష్ గ్రంథం చదివిన తరువాత కూడ మనం కొమ్ముల దగ్గరే ఆగిపోవడం వింత.

భాష విషయం ఇంకొకటి. గేదె ఎదకు వచ్చిన సంగతి కనిపెట్టడం పాడి లాభానికి మూలం. ఎద తప్పితే మళ్ళీ మూడు వారాలు ఆగాలి, ఆ మూడు వారాల మేతా దండుగ. ఆవు అరుస్తుంది, ఇతర పశువులపై ఎక్కుతుంది. గేదెలో ఈ గుర్తులు చాలా మందం, తరచు రాత్రివేళనే కనబడుతవి. దీనిని మన పల్లెల్లో మూగ ఎద అంటారు. ఎంత చక్కని మాట! మేత తగ్గించడం, పాలు సరిగా చేపకపోవడం, మాటిమాటికీ మూత్రం పోయడం వంటి చిన్న గుర్తులను కనిపెట్టేది ఇంటి ఆడవారే. ఉదయం ఎద కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మరునాటి ఉదయం ఎదసూది చేయించాలన్న నియమం ఉన్నది. ఆ నియమం పనిచేయాలంటే ఆమె చెప్పిన మాట డాక్టరుకు అర్థం కావాలి. మన పట్టభద్రుడు చదివినదంతా ఇంగ్లీషు. పొదుగువాపు, గాలికుంటు, గొంతువాపు, జబ్బవాపు, ఒట్టిపోవడం, చేపడం, మాయ పడకపోవడం అనే మాటలు అతనికి ఉద్యోగంలో చేరిన తరువాత, అదీ రైతుల దయవల్ల అబ్బుతున్నవి. ఈ మాటల్లో ప్రతిదీ ఒక పరిశీలన. కనీసం పశువిస్తరణ విద్య అనే పాఠమైనా తెలుగులో చెప్పి, తెలుగులో పరీక్షించి ఉంటే ఏమి నష్టం వచ్చేదో నాకు తెలియదు. కరపత్రాల కోసం కొత్తగా సృష్టించే సమాసాలు ఇందుకు సాయపడవు. కరపత్రంలోని "కృత్రిమ గర్భోత్పత్తి" ఊరికి చేరేసరికి ఎదసూదిగానే మిగులుతుంది.

చివరగా గొర్రెల సంగతి. 2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు 7 కోట్ల 43 లక్షలు. అందులో తెలంగాణలో 1 కోటి 91 లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లో 1 కోటి 76 లక్షలు. అనగా దేశపు గొర్రెల్లో ఇంచుమించు సగం తెలుగు నేలపైనే ఉన్నవి. ఆవుకూ గేదెకూ పాఠాల్లో దొరికిన చోటుతో పోలిస్తే గొర్రెకు దొరికినది స్వల్పం. ఉన్న పాఠమైనా కొట్టంలో పెంచే గొర్రెను గురించినదే. ఒక్కొక్క గొర్రెకు ఎన్ని చదరపుటడుగుల నేల, పొట్టేలుకు ఎంత, ఈనే గొర్రెకు ఎంత అని పట్టిక. మన గొల్ల కురుమల మందలకు కొట్టం లేదు. వేసవిలో మేత వెదుకుతూ జిల్లాలు దాటి పోతవి. ఏ పొలంలో ఏ పంట ఎప్పుడు కోస్తారో, ఏ తుమ్మ కాయ ఎప్పుడు రాలుతుందో, ఏ చెరువు కింద ఎన్నాళ్ళు నీరుంటుందో కాపరికి తెలుసు. దారిలో రైతు పొలంలో రాత్రి మంద కట్టి, ఆ పెంటకూ మూత్రానికీ ప్రతిఫలంగా ధాన్యమో డబ్బో పుచ్చుకొంటాడు. పశుసంపద ఆర్థికశాస్త్రం పుస్తకంలో గొర్రె ఆదాయమంటే మాంసం, ఉన్ని, చర్మం. విద్యార్థులు క్షేత్రపర్యటనలో నింపే పత్రాన్ని ఇటీవల ఒకసారి చూచాను. అందులో మంద ఎక్కడ ఉంటుంది అన్న గడి ఒకటున్నది, దాని పక్కన కొట్టపు పొడవు, వెడల్పు వ్రాయుమని రెండు గడులున్నవి. రాత్రి మంద కట్టినందుకు వచ్చిన ధాన్యాన్ని వ్రాసుకొనడానికి గడి లేదు. పత్రం నింపిన కుర్రవాడు దానిని మార్జినులో పెన్సిలుతో వ్రాసుకున్నాడు.